ఒర్రె తగ్గేదాక

సకల జనుల సమ్మెల కాలేజీలు బందైనయి. నా బిడ్డ గీత, దాని దోస్తు ముస్కాన్ వీపు సంచులు సర్దుకున్నరు. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాక నడుచుకుంట పోతరట, దారిల పాత కోటలు, గుళ్లు చూస్తరట. రాత్రిళ్లు దోస్తుల ఇండ్లల్ల పంటరు. సిరిసిల్లల ముస్కాన్ పెద్దమ్మ సయీదా బేగం ఉన్నది. వానకాలం, బస్సులు లేవు, ఇద్దరు ఆడపిల్లలు. నేను వద్దన్న. గీత అన్నం మానలేదు గని నాతోని మాట మానింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చినం. మొదటి రోజు నేను గూడ పోవాలె. నాకు ధైర్యమైతే సాయంత్రం ఒక్కదాన్నే ఇంటికి మర్లుత, లేకుంటే ముగ్గురం మర్లాలె.

నేనంత దూరం నడవలేనని కథలాపూర్ దాక ఆటోల పోయినం. ఆడ నడిరోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. బండ్లు ఆగిపోవాలని పొయ్యిలు రోడ్డు మీదనే పెట్టి, వండుకొని, అక్కడే తింటున్నరు. గరిటె పట్టుకున్న వజ్రమ్మ అనే ఆమె మమ్మల్ని ఆపింది.

"నడిచేటోళ్లకు బందు లేదు గని, తినకుంట పోతే పోనియ్య. గీ పిల్లలేంది, ఇల్లే మోసుకపోతున్నరు?"

పప్పన్నం తినేదాక విడువలేదు.

కోట ఉన్న గుట్టకు పోవాలంటే ఒర్రె దాటాలె. అప్పుడు మడిమలు తడిసేటన్ని నీళ్లే ఉన్నయి. పైన దర్వాజకు తలుపులు లేవు. గోడల సందులల్ల సీతాఫలం చెట్లు మొలిచినయి, మెట్లు పాకురు పట్టి జారుతున్నయి. ఒక బండ మీద కత్తి పట్టిన మనిషిని చెక్కిండ్రు. ఎవరో పసుపు పూసిండ్రు. నేను దండం పెట్టిన. ఆయన దేవుడు కాదు, యుద్ధంల చచ్చిపోయినోడని ముస్కాన్ చెప్పింది. అయితే ఏమాయె, చచ్చిపోయినోనికి పెట్టద్దా అన్న. వాళ్లిద్దరు జేనలతోని గోడలు కొలుచుకుంట తిరిగిండ్రు. ఇంతల పెద్ద వాన పడ్డది. దర్వాజ కింద నిలబడ్డం.

దిగి వచ్చేసరికి ఒర్రె ఎర్రగ పారుతున్నది. పొద్దుగూకితే ఇద్దరు పిల్లలతోని ఈ పాడువడ్డ జాగల ఎట్లుండాలె? చీర ఎగజెక్కి దిగబోయిన. గీత కట్టె ముంచి చూసి నా రెట్ట పట్టుకున్నది.

"దిగకు."

"మోకాళ్ల లోతే. నీకంటె ఎక్కువ ఒర్రెలు దాటిన నేను."

"అడుగు కనవడుతలేదమ్మా. వాన ఆగింది, అదే తగ్గుతది. కూసో."

చెయ్యి గుంజుకున్న. విడువలేదు. దాని చేతిల అంత బలమున్నదని నాకు తెల్వది. కోపంతోనే కూసున్న.

కొద్దిసేపటికి నేను దిగబోయిన జాగల్నే ఒక తుమ్మ మొద్దు దొర్లుకుంట పోయింది. ముగ్గురం చూసినం. ముస్కాన్ బిస్కెట్లు పంచింది.

ఇంకింత పొద్దుండంగనే నీళ్లు తగ్గినయి. గీత ముందట, నేను నడుమ, ముస్కాన్ వెనుక, చేతులు పట్టుకొని దాటినం. రోడ్డెక్కేసరికి కోరుట్ల దిక్కు పోయే పాలవ్యాను కనవడ్డది. చెయ్యెత్తిన. గీత నా దిక్కు చూసింది. నేను ఎక్కి కూసున్న.

పిల్లలు ఎక్కరా అని డ్రైవరు అడిగిండు.

"ఎక్కరు. వాళ్లు సిరిసిల్లకు పోతున్నరు" అన్న.