తలుపు బయట పెట్టిన కాలు

దుప్పటి మూట విప్పగానే మేస్త్రీ చేతులు ఆగిపోయాయి.

కృత్రిమ కాళ్లు చేసే దుకాణంలో కాలు కనబడటం వింతేమీ కాదు. కానీ ఇది తన బావ కాలు. ఎముక దగ్గర ఒరుసుకుంటోందని బావ సణిగితే, కాలు దూర్చే గిన్నె లోపల మెత్తటి రబ్బరు ముక్క అతికించింది తనే. పాదం మడతలో పిండి కూడా ఉంది. బావ పనిచేసేది పిండి మిల్లులో.

"ఎవరిదండీ ఇది?"

"మా మామయ్యది. పోయాడు," అన్నాడు తెచ్చినవాడు. చొక్కా నిండా రంగు మరకలు. గోడలకు రంగులేసేవాడని అడక్కుండానే తెలుస్తోంది. "మూల పడుంటే ఏం లాభమని తెచ్చా. కాస్త కురచ చేసి మా పాపకి తొడిగితే చాలు. బయట ఆటోలో ఉంది."

పోయాడు. నిన్న సాయంత్రం ఇదే బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, "నువ్విచ్చిన కాలికి నాకంటే బుద్ధి ఎక్కువరా, తిన్నగా ఇంటికే పోతోంది" అని నవ్వి డ్యూటీకి వెళ్లిన మనిషి.

"ఒక్క నిమిషం కూర్చోండి," అని వెనక గదిలోకి వెళ్లి అక్కకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఈసారి ఎత్తింది.

"అక్కా, బావ ఎక్కడ?"

"ఆస్పత్రిలో ఉన్నాంరా. నీకే చేద్దామంటే కాళ్లూ చేతులూ ఆడట్లేదు. పొద్దున డ్యూటీ దిగి మిల్లులోనే స్నానానికి వెళ్లారు. తోలుపట్టీ తడవకూడదని నువ్వు చెప్పావుగా, కాలు తలుపు బయట స్టూలు మీద పెట్టారు. తలుపు తీసి చూస్తే కాలు లేదు, గోడకి రంగేస్తున్నవాడూ లేడు. తడి గచ్చు మీద గెంతుతూ వెతికారు. జారిపడ్డారు."

"ప్రాణానికి..."

"ప్రాణానికేం కాలేదు. తొడ ఎముక విరిగింది. ఉన్న కాలిదే. ఇప్పుడు మేమేం కావాలిరా?"

మేస్త్రీ ఇవతలికి వచ్చేసరికి రంగులవాడు కూతుర్ని ఎత్తుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి ఉన్నాడు. గౌను కింద ఒక్క చెప్పే కనబడుతోంది. రెండో వైపు మోకాలు కూడా లేదు.

"మిల్లుకి రంగులేస్తున్నది నువ్వేనా?"

రంగులవాడు తన చొక్కా మరకలకేసి చూసుకున్నాడు.

"ఆ కాలు మా బావది. బతికే ఉన్నాడు. దాన్ని వెతుక్కుంటూ పడి, ఉన్న కాలు కూడా విరగ్గొట్టుకున్నాడు."

రంగులవాడు కూతురి పక్కనే బల్ల మీద కూలబడ్డాడు. "మిల్లు ఓనరు ఇంకోటి చేయించి ఇస్తాడులే అనుకున్నానన్నా. కాళ్లు ఉచితంగా ఇచ్చేచోట పాప పేరు ఎప్పుడో రాయించా. రేపు రా, మాపు రా అంటున్నారు. బడివాళ్లేమో క్లాసు మేడ మీదుంది, రోజూ ఎవరు మోస్తారంటున్నారు."

"చెప్పులనుకున్నావా, ఒకరివి ఇంకొకరు తొడుక్కోడానికి? ఇది ఆయన మోకాలి కింద తప్ప లోకంలో ఇంకెవరికీ పట్టదు. నీ కూతురికి మోకాలే లేదు. ఎంత కోసినా పనికిరాదు."

"పనికిరాదా?" దొంగతనం బయటపడినప్పటికన్నా ఈ మాటకే అతను ఎక్కువ బెదిరిపోయాడు.

పాప ఆ కాలిని ఎగాదిగా చూసింది. "ఇంత పెద్ద పాదం నాకొద్దు నాన్నా. అందరూ నవ్వుతారు."

మేస్త్రీ ఫోన్ తీశాడు. రంగులవాడు ఆపలేదు, పారిపోలేదు.

"పోలీసులకి చెప్పండన్నా. తప్పు నాదే. వాళ్లొచ్చేలోగా పాప కొలత తీసుకోండి."

మేస్త్రీ ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు, దుకాణం గుర్తులూ చెప్పాడు. తర్వాత కొలత అచ్చు తీయడానికి బకెట్లో ప్లాస్టర్ పొడి పోశాడు. అందులో నీళ్లు కలిపాడు.

"గౌను కాస్త పైకి పట్టుకో తల్లీ," అన్నాడు.