సుంకప్ప గ్లౌజులు

నిన్న ఉతికి ఆరేసిన రబ్బరు గ్లౌజులను తీగ మీద నుంచి తీసి, సుంకప్ప ఒక్కో వేలినీ నోటితో ఊది చూశాడు. కుడి చూపుడువేలికి సైకిలు ట్యూబు ముక్క అతికించి మూడు రోజులైంది. ఇంకా నిలిచే ఉంది. ఒకసారి వాడి పారేయాల్సిన గ్లౌజులవి. డాక్టర్ జ్ఞానేశ్వర్ గారు నెలకొక జత ఇచ్చి, మిగతావి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

అది 2006. సార్స్ వైరస్ గబ్బిలాల నుంచే వచ్చిందని ఎవరో పెద్దలు తేల్చాక, కడపలోని గబ్బిలాలనూ చూడాలని హైదరాబాదు నుంచి డాక్టరుగారి ప్రాజెక్టు దిగింది. సుంకప్ప అందులో అటెండరు. తెల్లవారుతుంటే గబ్బిలాలు పాత బంగళా చింతచెట్లకు తిరిగొచ్చాయి. కింద పరిచిన పట్టా మీద రెట్ట టపటపా రాలింది. సుంకప్ప వంగి, దూదిపుల్లతో ఎత్తి, సీసాల్లో పెట్టి, ఐసుడబ్బాలో సర్దాడు. ఛాతీలో మంటగా ఉంది.

డాక్టరుగారు జీపు దిగలేదు. మాస్కు మీద మాస్కు కట్టుకుని, అద్దంలోంచి వేలితో చెట్టు చూపించారు. ఆయన పరిశోధన అంతా ఆ వేలే.

‘జబ్బు ఇంటికి మోసుకుపోతావ్, జాగ్రత్త’ అని మొదటిరోజే ఆయన అన్నారు. ఆ మాట పట్టుకుని సుంకప్ప మూడు నెలలుగా వసారాలోనే పడుకుంటున్నాడు. రెండేళ్ల మనవరాలు హర్షిణి చేతులు చాచుకుని వస్తే వెనక్కి జరుగుతాడు.

ఆ పొద్దు ధైర్యం చేసి జీపు దగ్గరికి పోయాడు.

“సార్, నా రక్తం గూడా ఒకతూరి సూడండి. జబ్బు లేదంటే పాపను ఎత్తుకుంటా.”

“మన ప్రాజెక్టు గబ్బిలాల మీదయ్యా, నీ మీద కాదు.”

“పోనీ, వాటికన్నా ఉండాదా సార్?”

“రిపోర్టు రావాలి. పో, పని చూసుకో.”

పది గంటలకు సుంకప్ప గ్లౌజులు ఉతికి ఆరేసి, ఆఫీసు వెనక గోడకానుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం తోటి అటెండరు ఓబుళేశు అన్నానికి పిలిచి భుజం తడితే పక్కకు ఒరిగిపోయాడు.

“ఎవరూ ముట్టుకోవద్దు!” అని డాక్టరుగారు దూరం నుంచే అరిచారు. బీరువా తాళం అప్పుడు తెరుచుకుంది. కొత్త డబ్బా చించి, చేతికి రెండేసి గ్లౌజులు తొడుక్కున్నారు. సుంకప్ప భార్య నాగలక్ష్మమ్మ పరుగెత్తుకొచ్చి, ఉత్తచేతులతో మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది.

గుండె ఆగిందన్నారు పెద్దాసుపత్రిలో. సుంకప్ప ఉద్యోగం కాగితాల కోసం డాక్టరుగారి సొరుగు తీసిన ఓబుళేశుకు రిపోర్టు దొరికింది. కడప గబ్బిలాల్లో ఆ వైరస్ లేదు. అది వచ్చి పదిరోజులైంది.

“ఈ ముక్క ఆయప్పకు సెప్పింటే ఏం పోతాండె సార్?”

“అటెండర్లకు చెప్పాలని రూలేం లేదు” అన్నారు డాక్టరుగారు. సిగ్గులేని మనిషికి చదువొక్కటే తక్కువైనట్టు!

వెనక తీగ మీద గ్లౌజులు ఆరిపోయి ఉన్నాయి. చూపుడువేలికి ట్యూబు ముక్క ఇంకా ఊడలేదు.