ఇమ్మీడియట్ అంటే ఏటి?

పొద్దున రావలసిన బోటు పొద్దు నడినెత్తికెక్కినా రాలేదు. అందులో తవిటమ్మ మొగుడు పోతురాజు, అల్లుడు నాగబాబు ఉన్నారు. ఇద్దరి ఫోన్లూ మోగడం లేదు.

శ్రీకాకుళం తీరంలోని ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. బోటు ఆలస్యమైతే ఇంటివాళ్లు నేరుగా ఎవరికీ చెప్పుకోకూడదు, కులపెద్ద జగన్నాధానికే చెప్పాలి. ఆయన సంఘం ప్రెసిడెంటుకు చెబుతాడు. ప్రెసిడెంటు మత్స్యశాఖ ఆఫీసులో తనకు తెలిసినాయనకు, ఆయన పైవాళ్లకు. ఎవరి మర్యాద వాళ్లకు దక్కుతుంది. సముద్రానికి మాత్రం ఈ మర్యాదలేవీ పట్టవు.

తవిటమ్మ పొద్దున్నే చెప్పింది, మధ్యాహ్నం మళ్లీ వెళ్లింది. జగన్నాధం భోంచేసి అరుగు మీద నడుం వాల్చి ఉన్నాడు.

"సెప్పేనమ్మా. ఇమ్మీడియట్‌గా సూస్తామన్నారట."

"ఎవులన్నారు మావా?"

"ఆఫీసాయన అన్నాడని ప్రెసిడెంటు కొడుకు సెప్పేడు."

ఇంట్లో కూతురు ఉష ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి కూర్చుంది. బడిలో ఇంగ్లీషు చెప్పే పిల్ల.

"ఒసే, ఇమ్మీడియట్ అంటే ఏటే?"

"ఎంటనే అని."

"పొద్దున్నుంచీ ఎంటనేనా?"

ఉష ముక్కు తుడుచుకుంది. పాఠం అలవాటుగా నోటికొచ్చింది. "అది లాటిన్ నుంచొచ్చిన మాటమ్మా. మీడియట్‌లో ఉన్నది మధ్య. ముందర ఇమ్ పెడితే మధ్య ఏటీ నేదని. మొదట్లో దానికి తొందరన్న అర్థమే నేదు. మధ్య ఎవులూ నేకపోతే పని ఎంటనే అవుతాది గదా, అలాగొచ్చింది."

తవిటమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. ఇంతమంది మధ్యలో కూర్చుంటే ఇంక వెంటనే ఎక్కడుంటుంది? ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఒడ్డున బోర్డు మీద కోస్టుగార్డు నంబరున్నాది గదా. పద."

సంగతి తెలిసి జగన్నాధం రొప్పుతూ ఒడ్డుకు వచ్చాడు. "పెద్దని దాటి పోతావేటే? రేపు నీ బోటుకి ఎవుడూ సెయ్యెయ్యడు!"

బోటును ఇసక మీదికి లాగాలంటే ఊరి చేతులు కావాలి. అది ఉత్త బెదిరింపు కాదని తవిటమ్మకు తెలుసు.

"ముందర బోటు రానీ మావా," అని నంబరు నొక్కింది.

ఎవరైనా మగవాళ్లకు ఫోనివ్వమన్నాడు అటువైపు మనిషి. జగన్నాధం చెయ్యి చాపాడు.

"ఆయన నా మొగుడు. నానే సెప్తాను," అంది తవిటమ్మ. వాళ్లు ఏ వైపు వెళ్లారో, బోటు రంగేమిటో, తాగడానికి ఎన్ని నీళ్లు పట్టుకెళ్లారో అన్నీ చెప్పింది.

సాయంత్రానికి, ఇంజను చెడి కొట్టుకుపోతున్న బోటు దొరికింది. ఇద్దరూ ప్రాణాలతో ఒడ్డెక్కారు. తవిటమ్మ మొగుణ్ణి పట్టుకుని, జనం చూస్తుండగానే బావురుమంది.

జగన్నాధం అన్నంత పనీ చేశాడు. ఆ బోటు లాగడానికి చాన్నాళ్లు ఎవరూ రాలేదు. ఇంటి మగవాళ్లతో పాటు తల్లీకూతుళ్లే కొంగు బిగించి భుజం పెట్టారు.

వానాకాలంలో ఒకరోజు జగన్నాధం కొడుకు బోటే రాలేదు. కోడలు లక్ష్మణమ్మ తవిటమ్మ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే జగన్నాధం, తలెత్తకుండా.

"అప్పా, నువ్వు ఫోన్సెయ్యి. నీ మాటైతే ఇంటారు," అంది లక్ష్మణమ్మ.

తవిటమ్మ నంబరు నొక్కి ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"మధ్యలోకి నాను రాను. పక్కనుంటాను. నువ్వే సెప్పు."