గట్టు మీద నేర్చిన ఆట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఏలూరు గ్రౌండులో అయితే నెత్తికే ఎక్కింది.

పదో తరగతి అయిపోయింది. మా కొల్లేటి ఊళ్లో ఆపైన చదువు లేదు. బాల్ బ్యాడ్మింటన్‌లో నెగ్గితే ఏలూరు స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తారని, చదువూ తిండీ వాళ్లే చూస్తారని మా ఆటల టీచర్ ప్రసన్నకుమారి గారు నాన్నకు నచ్చజెప్పారు.

"సీటొస్తే చదివిద్దామండి. రాకపోతే నాతోపాటు చేపల చెరువు పనికొచ్చేస్తది" అన్నాడు నాన్న. ఆ మాత్రం ఒప్పుకోవడమే గొప్ప.

అంతకుముందు, 2005 వానలకు బడి ఆవరణ బురదగుంటైంది. అందుకని టీచర్ గారు చేపల చెరువు గట్టు మీద వెదురు కర్రలకు నెట్ కట్టి నేర్పారు. నడుం కిందనుంచి సర్వీసు, నెట్ దాటగానే పడిపోయే డ్రాప్ నాకు బాగా పట్టుబడ్డాయి. లాంగ్ షాటే రాలేదు. గట్టుకు అటూ ఇటూ నీళ్లే. ఉన్ని బంతి తడిస్తే ఇక ఆ పూటకు ఆట లేనట్టే. అందుకే మెల్లగా కొట్టేదాన్ని. ఎప్పుడైనా చెయ్యి జారితే, నీళ్లలో పడకముందే అందుకోవాలని నెట్ కింద దూరి బంతి వెంట పరుగెత్తేదాన్ని.

ఏలూరు ఎంపికలో జట్లు కాకుండా ఒకరితో ఒకరినే ఆడించారు. ఆఖరి ఆట ఆ ఊరమ్మాయి తేజశ్రీతో. ఉన్నది ఒక్క సీటు. మొదట నా డ్రాప్‌లకు తికమకపడింది. నాకు దూరం కొట్టడం రాదని కాసేపటికే కనిపెట్టేసింది. నెట్ దగ్గర నిలబడి, నేనేసిన బంతినల్లా నా కాళ్ల దగ్గరికే కొట్టింది. పైగా చిన్న నవ్వొకటి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎలాగో స్కోరు సమం చేశాను. ఇక ఒక్క పాయింటే. గీత పక్కన నాన్న తుండుగుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. బంతి అవతలి గీతల మధ్య పడితే మనం నెగ్గినట్టు, ఆటలో నాన్నకు తెలిసింది అంతే.

"మణీ, వెనక్కి కొట్టవే! ఇక్కడ నీళ్లు లేవు!" అని అరిచారు టీచర్ గారు.

తేజశ్రీ బంతిని నెట్ దగ్గరే వేసింది. ముందుకు దూకి, కోపమంతా కలిపి కొట్టాను. బంతి ఆమె తల మీదుగా లేచిపోయింది. అంత దూరం నేనెప్పుడూ కొట్టలేదు. పోతోంది, ఇంకా పోతోంది. నా కాళ్లు నన్ను అడగకుండానే పరుగెత్తాయి. నుదుటికి నెట్ తగిలాక గానీ ఎక్కడున్నానో తెలియలేదు. బంతి ఇంకా గాల్లోనే ఉంది.

తర్వాత అది వెనక గీతకు లోపలే పడింది.

అంపైర్ విజిల్ వేసి తేజశ్రీ వైపు చెయ్యి చూపించారు. బంతి నేల తాకకముందు ఆడేవాళ్ల ఒళ్లు నెట్‌కు తగిలితే పాయింటు అవతలివాళ్లదే. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న మాత్రం చప్పట్లు కొడుతున్నాడు. "లోపలే పడిందండీ! నా కళ్లతో చూశానండీ!" అంటూ వచ్చి తుండుగుడ్డతో నా మొహం తుడిచాడు. "గెలిచి ఏడుస్తావేంటమ్మా?"

"ఓడిపోయాను నాన్నా."

నాన్న నవ్వి, టీచర్ గారి వైపు తిరిగాడు.

"కోపమొస్తే ఇంతేనండి, ఏదోకటి అనేస్తది. హాస్టల్‌కి పెట్టె ఎప్పుడు తెమ్మంటారండీ?"