సరితకి రేపు ఆపరేషన్

నేను దొంగ ఇంటర్వ్యూలు రాస్తున్నానని ఆ పొద్దున గోపీనాథ్ సార్‌కి అనుమానం వచ్చింది. ఆ మాటకి నా కోపం ఇంకా తగ్గలేదు గానీ, ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్నేమో.

గురజాల పక్కన ఒక ఊళ్ళో ఉన్నాం మేం. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి, ఇద్దరు పిల్లలు చాలు, తల్లి ఆరోగ్యంగా ఉండాలి అని బయటిదేశాల సాయంతో దేశమంతా పదేళ్ళపాటు నడిచిన కార్యక్రమం ఒకటుంది. అదేం సాధించిందో తేల్చటానికి ఇప్పుడు ఊరూరా బృందాలు తిరుగుతున్నాయి. పల్నాడు బృందానికి గోపీనాథ్ సార్ పెద్ద. డాక్టరు చదివి, వైద్యం మానేసి, సర్వేల్లోకి వచ్చిన మనిషి. ఆయన కింద ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే పని నాది. నా పేరు నిస్సీ, మాది నర్సరావుపేట.

ముందురోజు చినుకులు పడ్డాయి. తడిసిన మిరపకాయ కొయ్యరు కాబట్టి ఆడవాళ్ళూ మగవాళ్ళూ అంతా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. మామూలుగా ఒక్కో ఇంటర్వ్యూకి ముప్పావుగంట పడుతుంది. ఆ వీధిలో మాత్రం నాకు ఇలా కూర్చుంటే అలా అయిపోతున్నాయి. ట్యాబ్‌లో ఒక ప్రశ్న ఉంటుంది: 'పిల్లలు పుట్టకుండా ప్రస్తుతం ఏ పద్ధతి వాడుతున్నారు?' దానికి ముప్పై దాటిన ప్రతి ఒక్కతీ దాదాపు ఒకే జవాబు చెప్పింది.

"గర్భసంచే లేదు గదమ్మా. తీపిచ్చుకున్నా."

ఆ జవాబు నొక్కగానే ట్యాబ్ మిగతా ప్రశ్నలన్నీ దాటేసి, సహకరించినందుకు ధన్యవాదాలు అని చూపిస్తుంది. ఎందుకు తీయించుకున్నావు, ఎవరు తీయించుకోమన్నారు, ఆ తర్వాత ఎలా ఉన్నావు అనే ప్రశ్నలు అందులో లేవు. చిన్నారి అనే ఆవిడయితే మొహం మీదే నవ్వింది. "అయిపోయిందా? ఇంత మాటకి అంత దూరం నుంచి కారేసుకొచ్చారా?" అంది. ఆవిడకి ముప్పై నాలుగు. నేనూ నవ్వేసి బయటికొచ్చాను.

వీధి మొదట్లో గోపీనాథ్ సార్ ఆపాడు. "ఇంత తొందరగా ఎట్లా అవుతున్నాయి నిస్సీ? అరుగు మీద కూర్చుని నువ్వే నింపేస్తున్నావా?"

నాకు ఒళ్ళు మండింది. "తర్వాతి ఇంటికి మీరే రండి సార్. నిలబడి చూడండి" అన్నాను.

తర్వాతి ఇల్లు చిన్నారి వాళ్ళింటికి ఎదురుగానే ఉంది. సున్నపురాయి క్వారీలో పనిచేసే బాలకోటయ్యది. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. భార్య రాఘవమ్మ మమ్మల్ని చూసి చాప పరిచి, కోడలు సరితని పిలిచింది. సరితకి ఇరవై మూడేళ్ళు. మొగుడు రామాంజి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకి లారీ తోలతాడు, ఆ రోజు లోడుతో బయట ఉన్నాడు. సార్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇద్దరు పిల్లలు. రెండు కాన్పులూ ఆసుపత్రిలోనే. ఐరన్ మాత్రలు వేసుకుంది, టీకాలు వేయించింది, రెండోవాడు పుట్టగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. ఆ కార్యక్రమం ఎలాంటి అమ్మాయి కావాలనుకుందో అచ్చం అలాంటి అమ్మాయే సరిత. నేను నొక్కుతూ పోతున్నాను. సార్ మొహం కూడా కాస్త విప్పారింది.

పద్ధతి ప్రశ్న దగ్గరికొచ్చేసరికి సరిత ఆగింది.

"అక్కా, ఇది ఇయ్యాలటికి చెప్పాలా, రేపటికి చెప్పాలా?"

"అంటే?"

"ఇయ్యాలయితే సంచి ఉంది. రేపుండదు."

నా వేలు ట్యాబ్ మీద అలాగే ఉండిపోయింది. రాఘవమ్మ కలగజేసుకుని వివరంగా చెప్పింది. ఆర్నెల్ల నించీ పిల్లకి తెల్లబట్ట, పొత్తికడుపులో పోటు, నడుము నొప్పి. మిరప కోతకి వంగితే లేవలేకపోతోంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు టౌనులో ప్రైవేటు ఆసుపత్రికి పంపించాడు. సంచి వాచిందనీ, ఉంచితే కాన్సర్‌లోకి దిగుద్దనీ అక్కడ చెప్పారు. రేపు పొద్దునే ప్రయాణం.

"పిల్లకాయల్ని నేను చూసుకుంటా. దానికి తోడు మా చెల్లెల్ని పంపిస్తన్నా. నాకూ ఇదే బాధ వచ్చింది ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు. తీపిచ్చుకునేదాకా నరకం చూశా. నా కోడలికి ఆ గతి పట్టకూడదమ్మాయ్" అంది రాఘవమ్మ. ఆవిడ గొంతులో ప్రేమే తప్ప ఇంకేం లేదు. ఆవిడ దుర్మార్గురాలయితే నాకు ఎంత తేలికయ్యేదో.

సరిత నా వైపు కొంచెం జరిగింది. "మా అమ్మ లేదక్కా, అడుగుదామంటే. తీపిచ్చుకోమంటావా?"

శిక్షణలో మాకు పదేపదే చెప్పిన మాట ఒకటుంది: అడగాలి, వినాలి, నొక్కాలి, సలహా ఇవ్వకూడదు. ఇస్తే సర్వే చెడుతుంది. నేను తలెత్తి సార్ వైపు చూశాను.

"తర్వాతి ప్రశ్నకి వెళ్ళు నిస్సీ" అన్నాడు.

వెళ్ళలేదు. ట్యాబ్ మూసి చాప మీద పెట్టేశాను. "నాకు తెలీదు సరితా. ఈ సార్ డాక్టరు. ఈయన్నడుగు."

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను వసారా చివరికి పిలిచి గొంతు తగ్గించాడు. "మనం ఈ కార్యక్రమం ఎట్లా పనిచేసిందో చూడటానికి వచ్చాం. మధ్యలో మనమే వేలు పెడితే ఈ ఊరి ఫలితం దేనికీ పనికిరాదు. ఆ సంగతి నీకు తెలుసు."

"పనికిరాకపోతే పోనీండి సార్. ఆ పిల్ల రేపు ఆపరేషన్‌కి పోతోంది. తర్వాత మనం వచ్చి ఇదే ప్రశ్న అడిగితే, అదీ చిన్నారిలాగే నవ్వి పంపిచ్చుద్ది."

నా ఉద్యోగం ఆ నిమిషంలో ఊడిపోయిందనే అనుకున్నాను. కానీ ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఎవరైనా లోపల పరీక్ష చేశారా అని అడిగాడు. లేదు, స్కానింగ్ ఒక్కటే. మందులు వాడమన్నారా? లేదు. రామాంజికి ఏమైనా మందులిచ్చారా? ఆ మాటకి సరిత సిగ్గుపడి తల అడ్డంగా ఊపింది, లేదని.

"చూడకుండా నేను ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ నువ్వు చెప్పేదాన్ని బట్టి ఇది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పరీక్ష చేయించుకుని, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మందులు వాడితే చాలామందికి తగ్గిపోతుంది. అవేవీ చూడకుండా ఇరవై మూడేళ్ళకి గర్భసంచి తియ్యటం తప్పు. ఒక్కోసారి దాంతోపాటు పక్కనుండే అండాశయాలు కూడా తీసేస్తారు. అప్పుడు ఒళ్ళు ముందే ముసలిదయిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి, ఒంట్లో ఆవిర్లొస్తాయి, నిద్రుండదు."

రాఘవమ్మ గయ్యిమంది. "ఏంది సారూ మీరు చెప్పేది? ఈదంతా తీపిచ్చుకున్నాం. మేమంతా బతకలా? ఇద్దరు పుట్టినాక అది లోపలుండి ఏం చేసుద్ది, రోగం తప్ప?"

ఆవిడే మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. "ఆవిర్లంటే... మెడ కాడ నించి పైకి మంటెక్కటమా?"

"అవునమ్మా."

"నాకు ముప్పై నించీ ఉంది. మోకాళ్ళూ అప్పుడే పోయినయ్." తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "నాదీ తెల్లబట్టే సారూ. నాకూ ఎవరూ మందులియ్యలా. అయితే నాది ఊరికేనే తీశారా?"

గోపీనాథ్ సార్ నేల వైపు చూశాడు. "ఇన్నేళ్ళ తర్వాత నేనెట్లా చెప్పగలనమ్మా?" అన్నాడు. నిజానికి ఆయన చెప్పగలిగింది అంతే. కానీ రాఘవమ్మకి అది చాల్లేదు. ఆవిడ మంచం వైపు తిరిగింది.

"ఏమయ్యా, తీసినాక ట్రేలో పెట్టి నీకు చూపిచ్చారు గదా. కుళ్ళిపోయి ఉందా?"

ఆ ఆసుపత్రుల్లో అదొక పద్ధతి. ఆపరేషన్ అయ్యాక తీసిన గర్భసంచిని స్టీలు ట్రేలో పెట్టి బయటికి తెచ్చి, ఇంట్లోవాళ్ళకి చూపిస్తారు. చూశారుగా, ఇదీ సంగతి అంటారు. ఇంటిల్లిపాదీ నమ్మేది ఆ చూపించటాన్నే.

బాలకోటయ్య బీడీ నేలకేసి రాశాడు. "ఇప్పుడెందుకే అయన్నీ?"

"చెప్పవయ్యా. చూశావు గదా!"

"చూశా."

"ఎట్టుంది?"

"ఎర్రగా, నున్నంగా ఉంది. నాకు మంచిగానే అగపడింది. చెడిపోయింది చూశావా అన్నారు వాళ్ళు. తలకాయ ఊపా. డాక్టర్లకి తెలవకుండా నాకు తెలుసుద్దా?"

"మంచిగానే అగపడిందా?"

"ఆఁ."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వెప్పుడడిగావే? తీసేసినాక చెప్పి ఏం లాభం?"

రాఘవమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెంగుతో మొహం మీద చెమట తుడుచుకుంది. నాకు ఆవిడ వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆవిడ ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటని పట్టుకుని బతికింది, తనది చెడిపోయింది కాబట్టే తీశారని. ఆ మాటని ఇంట్లోకొచ్చి లాగేసింది మేమే. కోడల్ని ఆపాలంటే ఆవిడ దాన్ని వదులుకోక తప్పదు. ఇంత బరువు ఆవిడ మీద పెట్టి, ఆవిడ వీలుకాదు పోండి అంటే నేను తప్పెలా పడతాను?

"సరితా, రేపు నువ్వు పోవద్దు" అంది.

"మరి నొప్పి అత్తా?"

"పెద్దాసుపత్రికి నేను తీసకపోతా. మందులిస్తారు. మందులియ్యందే అక్కడ నించి కదలను. వాడొచ్చినాక వాడిక్కూడా మింగిస్తా." సరిత అత్త చెయ్యి పట్టుకుంది. రాఘవమ్మ ఆ చేతిని ఒకసారి నొక్కి వదిలేసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

మెట్లు దిగి వీధి మధ్యలోకి పోయి నిలబడింది. గోపీనాథ్ సార్ కూడా లేచి గుమ్మంలోకొచ్చాడు. ఎదురింట్లో చిన్నారి చేట పట్టుకుని బియ్యం ఏరుతోంది. పక్కనే గడప మీద ఆవిడ మొగుడు కూర్చుని ఉన్నాడు.

"ఏమే చిన్నారీ, నీది తీసినప్పుడు ట్రేలో చూసిందెవరే?" రాఘవమ్మ గొంతు వీధంతా వినపడింది.

"ఈయనే గదా వదినా చూసింది. ఏం?"

"ఎట్టుందో అడుగు."

చిన్నారి నవ్వుతూనే మొగుడి వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు.