పరగడుపు

లచ్చయ్య నీళ్లు చూసే మనిషి. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని మెట్ట చెలకలో నడుస్తాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేస్తారు. నీళ్లు పడితే అది కాయ మహిమ. పడకపోతే బోరుబండి వాడి తప్పు. ఈ లెక్కన లచ్చయ్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

తన సొంత చెలకలో మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు. రెండుసార్లూ దుమ్మే వచ్చింది. "సొంతానికి చూసుకుంటే కాయ పనిచెయ్యది" అన్నాడు. భార్య హనుమమ్మ ఆ మాట నమ్మలేదు, కాదనీ అనలేదు. మేకపిల్లలు పడతాయని ఆ రెండు గుంతల మీద రెండు బండలు తెచ్చి పెట్టింది.

ఈ పనికి నియమాలు రెండున్నాయి. రెండూ లచ్చయ్యకు తండ్రి చెప్పినవే. కాయ పట్టుకుని ఇంటికి వచ్చిన మనిషిని కాదనకూడదు. పరగడుపునే చూడాలి, ఏదైనా నోట్లో పడితే ఆ రోజుకు కాయ లేవదు.

ఊళ్లో బోర్లకు కొదువ లేదు, నీళ్లకే కొదువ. విత్తనాలప్పుడు రాని వాన పత్తి పగిలినప్పుడు వచ్చి చేనంతా నల్లబరిచి పోయేది. ఒకరు కొత్త బోరు వేస్తే పక్క చేనుది ఎండేది. పక్క చేనాయన ఇంకా లోతుకు పోయేవాడు. ఇద్దరికీ జాగా చూపించింది లచ్చయ్యే కాబట్టి అతనికి చేతినిండా పని ఉండేది. పోయిన ఎండకాలం తాగునీళ్ల బోరులో కూడా గాలి తప్ప ఏమీ రానప్పుడు ఊరంతా నడిబొడ్డున పాతిన బొడ్రాయి దగ్గర కూచుంది. ముందు ఒకరినొకరు తిట్టుకున్నారు. తిట్లు అయిపోయాక ఒక మాట మీదికి వచ్చారు. ఇక ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఉన్న బోర్లన్నీ ఒకే పైపుకు కలపాలి. సొంత బోరున్నా లేకున్నా ప్రతి ఇంటికీ వంతుల ప్రకారం ఎకరం తడవాలి. వానలు పోయాక వేసే యాసంగిలో వరి పెట్టకూడదు. బొడ్రాయి మీద నీళ్లు పోసి ఒట్టు పెట్టుకున్నారు.

దాంతో లచ్చయ్యకు పని పోయింది. అతని చెలక తడవడం మొదలయింది. ఈ రెండింటిలో దేని గురించి మాట్లాడాలో తేలక అతను దేని గురించీ మాట్లాడలేదు.

హనుమమ్మ పల్లి వేసింది. ఆ చెలకలో యాసంగి పంట ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి చూడలేదు. చేను పూతకు వచ్చింది, కాయ పట్టే ఊడలు భూమిలోకి దిగుతున్నాయి. ఇక మీద తడులు అందితే కాయ. అందకపోతే పశువులకు మేత.

సరిగ్గా అప్పుడు బీరన్న కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. బీరన్న హనుమమ్మకు తోడబుట్టిన అన్న, అదే ఊరు. పైపుకు కలిపిన బోర్లన్నిటిలో బలమైంది ఆయనదే. హనుమమ్మ చెలకకు వచ్చేది ఆ నీళ్లే, గేటువాల్వు తిప్పేదీ ఆయనే.

"బావా, రేపు పొద్దుగాల జర నా పడమటి చెలక చూడాలె" అన్నాడు.

"కొత్త బోరు ఎయ్యమని ఒట్టు పెట్టుకుంటివి గదనే అన్నా" అంది హనుమమ్మ.

"ఉన్న బోరు అందరికిచ్చిన. గా ఒట్టు దానికి. ఇది నా సొంతం. దుకాణంల బియ్యం కొనుక్కొని తింటున్న చెల్లె. రైతునని చెప్పుకోవాలంటె సిగ్గయితాంది. రెండు మళ్లు వరి పెట్టుకుంట."

"నువ్వు ఏస్తే పక్క చెలక మల్లయ్య ఊకుంటడా?"

"ఎయ్యనియ్యి. బావకు పని దొరుకుతది."

లచ్చయ్య కాయ అందుకున్నాడు. బీరన్న వెళ్లిపోయాక హనుమమ్మ చేట పక్కన పెట్టింది.

"కాయ లేవలేదని చెప్పు."

"లేస్తే లేవలేదని ఎట్ల జెప్పాలె? పక్కన నిలబడ్డోనికి కండ్లుండయా?"

"అయితే పోకు."

"కాయ తెచ్చినోన్ని కాదంటనా?"

హనుమమ్మ మళ్లీ చేట అందుకుంది. పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు కొట్టి, వంకాయ కూర చేసి, పళ్లెం అతని ముందు పెట్టింది.

"ఇయ్యాల నీళ్లు చూసేది ఉన్నది" అన్నాడు లచ్చయ్య.

"ఎరుకే. సల్లగయితాంది, తిను."

లచ్చయ్య రొట్టె వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. తర్వాత తిన్నాడు.

బీరన్న వచ్చేసరికి అతను చేతులు కడుక్కుంటున్నాడు.

"పోదమా బావా?"

"తిన్న."

"ఏంది?"

"రొట్టె."

"చూసేది ఉందని ఎరుక లేదా? ఎట్ల తిన్నవే?"

"పెట్టింది" అన్నాడు లచ్చయ్య.

మర్నాడు బీరన్న ఇంకాస్త ముందు వచ్చాడు. హనుమమ్మ అంతకంటే ముందు లేచి ఉప్మా చేసింది. ఆ మర్నాడు అటుకులతో సరిపెట్టింది. నల్లా దగ్గర బీరన్న భార్య శ్రీదేవి కలిసింది.

"మీ అన్న కోడికంటె ముందుగాల లేస్తాండు వదినా. ఇంట్ల ఒక పనికి గిట్ల లేసింది నేనెరుగ. ఇంకొన్ని దినాలు తినిపియ్యి" అని బిందె ఎత్తుకుని పోయింది.

ఆ సాయంత్రం బీరన్న చేతిలో కాయ లేకుండా వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చెల్లె, నీ ఆట నాకు తెలుస్తలేదనుకుంటున్నవా? నా బోరు నీళ్లతోనే నీ పల్లి పచ్చగున్నది. రేపు బావ తిని కూసుంటె ఎల్లుండి నీ వంతుకు గేటువాల్వు తిప్పను. నీ చేను నువ్వే చూసుకో."

హనుమమ్మ రాత్రంతా లెక్క వేసుకుంది. కాయ లేస్తే అన్న బోరు వేస్తాడు. అన్న వేస్తే ఊరంతా వేస్తుంది. ఎండకాలానికి మళ్లీ గాలే మిగులుతుంది. లేవకుండా చేస్తే ఊడలు దిగిన చేను ఎల్లుండి నుంచే ఎండుతుంది. పొద్దున్నే లేచింది కానీ పొయ్యి వెలిగించలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడవసాగింది.

బీరన్న వచ్చి కొత్త కాయ ఇచ్చాడు. పొయ్యి వైపు చూసి తృప్తిపడ్డాడు. లచ్చయ్య కాళ్లు కడుక్కున్నాడు, తువ్వాల భుజాన వేసుకున్నాడు, గడప దాకా వచ్చాడు.

"జర ఆగు బావా" అని లోపలికి పోయాడు.

కాయను గూట్లో పెట్టాడు. రాత్రి మిగిలిన సద్ది జొన్నగట్క కుండ తెచ్చుకుని వాకిట్లో గొంతుకూర్చున్నాడు. చల్ల పోసి కలిపాడు. తొందరేమీ పడకుండా తినడం మొదలుపెట్టాడు.

"ఉల్లిగడ్డ ఉన్నదా?" అని భార్యను అడిగాడు.

హనుమమ్మ చీపురు వదిలి ఉల్లిగడ్డ తెచ్చి ఇచ్చింది. లచ్చయ్య దాన్ని పిడికిటితో చితగ్గొట్టాడు.

బీరన్న దగ్గరికి వచ్చి కుండలోకి చూశాడు. "బావా, కాయ తెచ్చినోని ముంగట కూసొని తింటున్నవ్. ఇగ నీ గడపకు కాయ ఎవడు తెస్తడు?"

"ఎవ్వడు తేడు."

"తిరుమలగిరిల ఒకాయన ఉన్నడు. పిలుస్త."

"పిలువు. ఆయనకు గూడ పెండ్లాం ఉండే ఉంటది" అన్నాడు లచ్చయ్య, ఇంకొంచెం గట్క వేసుకుంటూ.

మరుసటి రోజు హనుమమ్మ వంతు. కరెంటు వచ్చే వేళకు పార తీసుకుని చెలకకు పోయింది. కాలువ సాపు చేసింది. కరెంటు వచ్చింది, అన్న బోరు మోటరు చప్పుడు వినిపించింది. ఆమె పైపులో మాత్రం ఏమీ రాలేదు. హనుమమ్మ వంగి ఒక పల్లి చెట్టు మొదట్లో మట్టి పిసికి చూసింది. పొడిపొడిగా రాలింది.

తలెత్తితే ఒడ్డు మీద బీరన్న, గేటువాల్వు మీద చెయ్యి వేసి.

"చెల్లె" అని అరిచాడు. "నిన్న బావ గా సద్ది గట్క ఎట్ల తిన్నడే? పులిసి ఉంటది గద."

"పులిసింది."

"మల్ల ఏసుకున్నడు."

"ఏసుకున్నడు."

"అయ్య నేర్పిన పనిని గట్కల కలుపుకొని తిన్నడు" అన్నాడు బీరన్న. తర్వాత రెండు చేతులా వాల్వు తిప్పాడు. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది.

"దుకాణం బియ్యమే తింట తియ్యి" అన్నాడు దగ్గరికి వచ్చి. "తిట్టుకుంట తింట."

"తిను. మా ఇంటికొస్తే గట్క పెడత."

"నీ ఇంట్ల నేనేమీ తినను. గటు చూడు, కట్ట తెగింది. నీళ్లన్ని మల్లయ్య చెలకల పడుతున్నయి. నా నీళ్లంటె నీకు ఇలువ లేదు."

నిజంగానే తెగింది. హనుమమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, పార పట్టుకుని పరుగెత్తింది. బీరన్న అక్కడే నిలబడి, ఎక్కడ మట్టి వేయాలో చివరిదాకా అరుస్తూనే ఉన్నాడు.