నీరసానికి నాలుగు జవాబులు

డాక్టరమ్మకు పాఠాలంటే చిన్నచూపు లేదు. ఆ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్ళలో సగం మంది ఆవిడకు కొత్త చదువంటే ఒళ్ళుమంట అనుకున్నారు. ఆ రోజు పొద్దున డాక్టర్ల సంఘం హాల్లో మొదటి వరుసలో కూర్చుని, రెండు పెన్నులు దగ్గర పెట్టుకుని, చెప్పిందల్లా రాసుకున్నది ఆవిడొక్కతే. మిగతా నూట ఎనభై మంది ఫ్యామిలీ డాక్టర్లలో కొందరు ఫోన్లలో తలలు దూర్చారు, కొందరు కళ్ళు తెరుచుకునే నిద్రపోయారు, వెనక వరుసల వాళ్ళు భోజనాలు ఎన్నింటికో ఆరా తీశారు. బీపీ చూసేటప్పుడు పట్టీని చొక్కా మీద చుట్టకూడదని, చెయ్యి బయటపెట్టించి ఒంటికే చుట్టాలని మొదటి గంటలో చెప్పారు. ముప్ఫై ఏళ్ళుగా చొక్కాల మీద చుట్టేస్తున్న డాక్టరమ్మకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకుంది.

ఐదేళ్ళకోసారి ప్రతి డాక్టరూ ముప్ఫై గంటల పాఠాలు విన్నట్టు కాగితం చూపించాలి. చూపించకపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఆవిడవి ఇరవై ఆరు గంటలయ్యాయి. గడువు ఆ నెలాఖరు, అందులో మిగిలిన చివరి తరగతి ఇదే. ఈ నాలుగు గంటలూ కూర్చుని, ఆఖర్న పది ప్రశ్నల్లో ఎనిమిదింటికి సరైన జవాబు గీస్తే సర్టిఫికెట్టు చేతిలో పెడతారు. లేకపోతే ఒకటో తారీఖు నుంచి క్లినిక్కుకు తాళం వేసుకుని, మళ్ళీ తరగతులు మొదలయ్యేదాకా నాలుగు నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

బస్సు డిపో వెనక సందులో రెండు గదుల క్లినిక్కు ఆవిడది. రోజుకు అరవై మంది వస్తారు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన ఆవిడ భర్త ముందు గదిలో కూర్చుని టోకెన్లు ఇస్తాడు. వరస తప్పి లోపలికి దూరబోయేవాడు డ్రైవరైనా డిపో మేనేజరైనా ఆయన దగ్గర పప్పులుడకవు. అందుకే ఊరంతా ఆయన్ని టోకెన్ మాస్టారంటారు. ఆ రోజు కారు నడిపి ఆవిడను హాలుకు తీసుకొచ్చింది ఆయనే. దారిపొడుగునా చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: వాళ్ళకేం జవాబు కావాలో అదే గీసేయమని, మన క్లినిక్కులో మనం చేసేది మనం చేసుకుందామని, అక్కడ లేనిపోని వాదనలు పెట్టుకోవద్దని. ఆవిడ సరే సరే అంది. ఆయన నమ్మలేదు. నమ్మక, తనూ లోపలికి వచ్చి చివరి వరుసలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం పెద్దాసుపత్రి నుంచి వచ్చిన గుండె ప్రొఫెసరు మాట్లాడాడు. అనవసరమైన పరీక్షలు ఎలా తగ్గించాలన్నది విషయం. బాగానే చెప్పాడాయన. దగ్గుకీ తుమ్ముకీ ఒళ్ళంతా ఫోటోలు తీయించే డాక్టర్లను నవ్విస్తూనే కడిగేశాడు. డాక్టరమ్మ పక్క కుర్చీలో కూర్చున్న సూదుల డాక్టరు, అంటే వచ్చిన ప్రతివాడికీ సూది పొడవందే పంపనివాడు, అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ప్రశ్నల కాగితాలు పంచారు. కాగితాలతో పాటే ఫోన్లలోకి జవాబులూ వచ్చేశాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు సంపాదించి గ్రూపులో పెడతారు. సూదుల డాక్టరు మంచి మనసుతో ఫోను ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. తెలిసింది రాసింది, తెలియనివి రెండు తప్పు గీసింది, ఆ తప్పుల గురించి ఆవిడకు పెద్ద బెంగేం లేదు. తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.

యాభై రెండేళ్ళ స్త్రీ. మూడు రోజులుగా నీరసం. జ్వరం లేదు, రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి. మీరేం చేస్తారు? ఎ, ధైర్యం చెప్పి టానిక్ రాసి పంపుతాను. బి, ఈసీజీ తీయిస్తాను. సి, పెద్దాసుపత్రికి పంపుతాను. డి, స్కానింగులు రాస్తాను. కావాల్సిన జవాబు ఎ అని ఏ ఫోనూ చూడకుండానే తెలుస్తోంది. గంటసేపు ప్రొఫెసరు చెప్పింది అదే కదా.

నీరసం అన్న మాట ఆసుపత్రిలో ఒకటి, సందులో ఇంకొకటి. ప్రొఫెసరు దగ్గరికి ఎవరూ నీరసమని వెళ్ళరు. అక్కడిదాకా వెళ్ళేసరికి దానికో పెద్ద పేరు వచ్చేసి ఉంటుంది. డాక్టరమ్మ దగ్గరికి మాత్రం ఆడవాళ్ళు అన్నిటికీ అదే మాటతో వస్తారు. రక్తం తక్కువైనా నీరసమే, మొగుడితో పడకపోయినా నీరసమే, బతకాలని లేకపోయినా నీరసమే. అందుకే ఆ మాట వినగానే ఆవిడ ఒకటే అడుగుతుంది: ఏ పని మధ్యలో ఆగిపోయావమ్మా? ఆగడం కాదు, అసలు ఏదీ మొదలుపెట్టబుద్ధే కావట్లేదంటే ఒక దారి. సాయంత్రానికి వాలిపోతున్నానంటే ఇంకో దారి. తడి బట్టల బకెట్టు పట్టుకుని మెట్లెక్కుతుంటే మధ్యలో ఆగాను, దవడ లాగినట్టయిందంటే మాత్రం, అది గుండె చేసే హెచ్చరిక కాబట్టి, ఆవిడ కుర్చీలోంచి లేచిపోతుంది, ముందు గదిలో ఉన్న టోకెన్లన్నీ ఆగిపోతాయి. ఆ ప్రశ్న వల్ల ఇవాళ నడిచి తిరుగుతున్నవాళ్ళు ఆ సందులోనే నలుగురున్నారు.

ఆ ప్రశ్న ఆవిడ ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. పన్నెండేళ్ళ కిందట, క్లినిక్కు నిండా జనం ఉండగా, ఆడపడుచు ఫోన్ చేసి మూడు రోజుల్నుంచి నీరసంగా ఉంది వదినా అంది. డాక్టరమ్మ ఫోను భుజానికి చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరిదో గొంతు చూస్తూ, నిద్ర చాలట్లేదేమో, టానిక్ వేసుకో అంది. ఇంకేమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత ఆడపడుచు తీగ మీద బట్టలు ఆరేస్తూ కూలబడిపోయి మళ్ళీ లేవలేదు. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్ళు. హఠాత్తుగా పోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు, ఇప్పటికీ అంటారు. మాస్టారుకు ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు. ఆ ఫోను సంగతి డాక్టరమ్మ ఆయనకు చెప్పలేదు. మొదటి రోజు నోరు రాలేదు, తర్వాత చెప్పే రోజు దాటిపోయింది.

ఆవిడ ఎ గీయలేదు. బి కూడా గీయలేదు. నాలుగు గడులూ ఖాళీగా వదిలేసి, డి కింద తన చేత్తో ఇంకొకటి రాసింది: ఇ, ఏ పని మధ్యలో ఆగిపోయిందో అడుగుతాను.

గడుల్లో గీతలు చదివే మెషీనుకు చేతిరాత రాదు. పావుగంటలో సర్టిఫికెట్లు గుట్టగా అచ్చయి వచ్చాయి. నూట ఎనభై మంది పాసు, ఒక్కరు ఫెయిలు. సంఘం కార్యదర్శి ఆవిడ కుర్చీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, చిన్న పొరపాటు జరిగిందని, కొత్త కాగితం తెచ్చానని, తొమ్మిదో దాంట్లో ఎ గీసేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుందని చెప్పాడు. మంచివాడే. ఎవరి క్లినిక్కూ మూతపడకూడదనే ఆయన తాపత్రయం. డాక్టరమ్మ కాగితం అందుకోలేదు. లేచి వెళ్ళి మైకు అడిగింది.

హాల్లో కుర్చీలు జరిపే చప్పుడు సర్దుమణిగింది. తొమ్మిదో ప్రశ్నకు ఎ గీసినవాళ్ళు చేతులెత్తమంది. ఇలాంటప్పుడు డాక్టర్లు బడిపిల్లల కంటే బుద్ధిమంతులు, హాలంతా చేతులు లేచాయి. రేపు పొద్దున నిజంగా అలాంటి మనిషి వస్తే, ఇంకేమీ అడక్కుండా టానిక్ రాసి పంపేవాళ్ళు మాత్రం చేతులు దించొద్దంది. ఒక్కొక్కటే దిగిపోయాయి. సూదుల డాక్టరు చెయ్యి కాసేపు గాల్లో ఊగి, అదీ దిగింది.

"మరి ఈ జవాబు ఎవరి కోసమండీ?" అంది డాక్టరమ్మ.

ప్రొఫెసరుకు కోపం రాలేదు, అదీ చెప్పాలి. ఓపిగ్గానే జవాబిచ్చాడు. పరీక్ష వేరు, ప్రాక్టీసు వేరన్నాడు. ప్రశ్నలో ఎంత ఇచ్చారో అంతే చూడాలి కానీ లేనిది ఊహించుకోకూడదన్నాడు.

"రోగి కూడా అంతే ఇస్తుంది సార్. నీరసం అని ఒక్క మాట ఇస్తుంది. మిగతాది మనం అడిగి రాబట్టాలి. మీ నాలుగు జవాబుల్లో అడగడం అన్నదే లేదు."

కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. మేడమ్ ఇది మనం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. అక్కడితో దిగిపోయి ఉంటే ఇంత కథ లేదు. నాలుగు చప్పట్లు పడేవి, ఆవిడ కూడా గెలిచినట్టే ఇంటికి పోయేది. కానీ చివరి వరుసలో మాస్టారు పేపరు పక్కన పెట్టి, ఇక చాలు, వచ్చేయమన్నట్టు చెయ్యి ఊపాడు. డాక్టరమ్మ ఆ చెయ్యి చూసింది. చెబితే ఆయన వింటాడు. చెప్పకపోతే తను ఇప్పుడు అన్నదంతా ఉత్త వాదన, మైకు దొరికింది కదాని మాట్లాడిన మాట. మైకు కర్రను పట్టుకుని నిలబడింది.

"పన్నెండేళ్ళ కిందట నేను ఎ గీశాను. కాగితం మీద కాదు, ఫోన్లో. మా ఆడపడుచు. యాభై రెండేళ్ళు, మూడు రోజుల నీరసం. టానిక్ వేసుకోమన్నాను. రెండు రోజులకి పోయింది. మా ఇంట్లో అందరూ హఠాత్తుగా పోయిందంటారు. హఠాత్తుగా పోలేదు. నాకు చెప్పే పోయింది."

కార్యదర్శి చేతిలో ఉన్న కొత్త కాగితం కేసి చూసింది.

"క్లినిక్కు మూసేయమంటే మూసేస్తాను. ఇంకోసారి మాత్రం ఎ గీయను. కొత్త కాగితం ఎన్నిసార్లిచ్చినా అదే రాస్తాను."

మైకు పెట్టేసి తన రెండు పెన్నులూ పుస్తకం తీసుకుని నడవాలోకి వచ్చేసరికి చివరి వరుసలో కుర్చీ ఖాళీగా ఉంది. పేపరు కింద పడి ఉంది.

మాస్టారు కార్లో స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. ఆవిడ తలుపు తీయాలా వద్దా అని కాసేపు బయటే నిలబడింది. చివరికి ఆయనే వంగి లోపలి నుంచి తలుపు తోశాడు. ఎక్కి కూర్చుంది. ఎదుటి గోడకేసి చూస్తూ ఆయన అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నాతో ఉండరని భయమేసింది."

"ఇప్పుడు లేదా భయం?"

"ఉంది."

ఆయన ఇంజను తాళం తిప్పబోయి ఆగాడు, మళ్ళీ తిప్పబోయి ఆగాడు. పన్నెండేళ్ళపాటు ఆ ముందు గదిలో కూర్చుని, లోపల ఆవిడ ఏ పని మధ్యలో ఆగావమ్మా అని అడగడం రోజుకు పదిసార్లు విన్నవాడు ఆయన. ఒక్కసారీ ఎందుకని అడగలేదు. డాక్టరమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆయన మీదే వెయ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ఇంతలో కార్యదర్శి రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. ఒక చేతిలో సర్టిఫికెట్టు, ఇంకో చేతిలో చిన్న కాగితం. ప్రొఫెసరు గారిని ఒప్పించానన్నాడు. కొత్త కాగితంలో ఎ వాళ్ళే గీసేశారట, మెషీన్లో కూడా పెట్టేశారట. ఇక మేడమ్ చేయాల్సిందల్లా, మొదటి కాగితంలో పొరపాటున వేరే జవాబు రాశాను అని ఉన్న దాని కింద ఒక్క సంతకం. అంతా అర్థం చేసుకున్నామని, ఎవరూ ఏమీ అనుకోరని, నాలుగు నెలలు అంతమంది రోగులను గాలికి వదిలేయడం న్యాయం కాదని అన్నాడు. ఆ చివరి మాట డాక్టరమ్మకు సూటిగానే తగిలింది. అరవై మంది ఆవిడ కళ్ళ ముందు నిలబడ్డారు. చెయ్యి ఎటు కదిలేదో ఆవిడకే తెలియదు, ఎందుకంటే కార్యదర్శి నిలబడింది మాస్టారు వైపు, కాగితం ముందు అందుకున్నది ఆయన.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చదివినట్టు పై నుంచి కింది దాకా చదివాడు, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. కార్యదర్శి జేబులోంచి పెన్ను తీసి అందించాడు. ఆయన పెన్ను తీసుకోలేదు.

"ఇందులో పొరపాటున అని రాశారు. పొరపాటు ఇవాళ్టిది కాదండీ, అది మా చెల్లెలప్పటిది. ఆవిడ దీని మీద సంతకం పెట్టదు. పెడితే నేనూరుకోను."

కాగితం వెనక్కిచ్చి, అద్దం ఎత్తేసి, కారు కదిలించాడు. ఇంటికి చేరేదాకా ఆవిడ ముఖం చూడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. ఒకటో తారీఖున మాత్రం ఆవిడ కంటే ముందే క్లినిక్కుకు వెళ్ళి, తన చేత్తోనే తాళం వేసి, మెట్ల మీద కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ డాక్టరమ్మ నాలుగు నెలల దాకా రాదని, ఎందుకు రాదో, తన చెల్లెలు ఎలా పోయిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.